గన్నవరం నుంచి రేణిగుంట 349 కిలోమీటర్లే కదా, టికెట్ మీద గంటా పది నిమిషాలు ఎందుకు?

మిర్చియార్డు_మనిషి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా అమ్మకి 72 ఏళ్లు, మోకాళ్లు బాగా అరిగిపోయాయి, కారులో గంట కూర్చుంటే దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. తిరుపతి మొక్కు ఒకటి మూడేళ్లుగా వాయిదా పడుతూ వస్తోంది. ఈసారి విమానంలో తీసుకెళ్దాం, గన్నవరంలో ఎక్కి రేణిగుంటలో దిగడమే కదా అనుకున్నా. గొడవ అక్కడే మొదలైంది.

మా బావ ప్రతిదానికీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసే మనిషి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎంత అని వెతికితే ఒక సైట్‌లో 349 అని ఉంది, ఇంకోదాంట్లో 217, మూడోదాంట్లో 188. మ్యాప్‌లో రోడ్డు పెడితే నాలుగొందలకి అటూ ఇటూ చూపిస్తోంది. రోడ్డు సంగతి వదిలేసి మిగిలినవాటిలో పెద్దదే తీసుకుందాం అని 349 పట్టుకున్నాడు. విమానం గంటకి 830 కిలోమీటర్లు పోతుంది, అంటే 25 నిమిషాల్లో రేణిగుంటలో ఉండాలి, టికెట్ మీద మాత్రం గంటా పది నిమిషాలని వేశారు, మిగతా ముప్పావుగంట ఏం చేస్తారు, గాల్లో గిరికీలు కొట్టిస్తారా అంటాడు. నేను జవాబు చెప్పలేకపోయా. అక్క కూడా వాళ్లాయన పక్షమే.

అసలు ఆ మూడు అంకెల్లో ఏది కరెక్టు? టైమ్ అంత ఎందుకు? అన్నిటికన్నా ముఖ్యంగా, గుంటూరు వాళ్లకి ఈ విమానం నిజంగా కలిసొస్తుందా? వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


బెంజిసర్కిల్_బాధితుడు

గుంటూరు నుంచి గన్నవరం ఎంతసేపు పడుతుందో ముందు మీ బావగారిని లెక్కేయమనండి. ఆకాశం సంగతి తర్వాత చూద్దాం.


పటమట_లెక్కలటీచర్

మూడూ కరెక్టేనండీ. 349 అనేది కిలోమీటర్లు, 217 అనేది మామూలు మైళ్లు, 188 అనేది నాటికల్ మైళ్లు. ఆ సైట్లలో అంకె పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, మనం అంకె చూసి అక్షరాలు వదిలేస్తాం. 349ని 1.609తో భాగిస్తే 217 వస్తుంది, 1.852తో భాగిస్తే 188 వస్తుంది. చేసి చూడమనండి, కాలిక్యులేటర్ ఎలాగూ చేతిలోనే ఉందన్నారుగా.

విమానాల వాళ్లు నాటికల్ మైళ్లే ఎందుకు పట్టుకున్నారంటే అది అక్షాంశాలతో ముడిపడిన కొలత. అక్షాంశం ఒక డిగ్రీ జరిగితే సుమారు 60 నాటికల్ మైళ్లు జరిగినట్టు. గన్నవరం 16.5 డిగ్రీల దగ్గర ఉంది, రేణిగుంట 13.6 దగ్గర. తేడా 2.9 డిగ్రీలు, అంటే దక్షిణానికి 174 మైళ్లు. పడమటికి రేఖాంశం డిగ్రీంబావు జరగాలి, కానీ మన దగ్గర రేఖాంశాల మధ్య ఎడం భూమధ్యరేఖ దగ్గర ఉన్నంత ఉండదు, కాస్త దగ్గరపడి 72 మైళ్లకి దిగుతుంది. ఇప్పుడు 174, 72 భుజాలుగా పెట్టి పైథాగరస్ వేయండి, 188 వచ్చేస్తుంది. ఇంత చిన్న దూరంలో భూమి గుండ్రంగా ఉందన్న బెంగ అక్కర్లేదు, పైథాగరస్ సరిపోతుంది. మా పిల్లలకి ఈ లెక్క ఇస్తే ఎయిర్‌పోర్టు పేరు వినగానే హుషారు వచ్చి చేశారు, మామూలు త్రిభుజం ఇస్తే ఆవలిస్తారు.

ఇంకో సంగతి. మ్యాప్ మీద గన్నవరం నుంచి రేణిగుంటకి స్కేలు పెట్టి గీత గీయండి. తెనాలి దాదాపు నెత్తిమీద నుంచి వెళ్తుంది, బాపట్ల దగ్గర సూర్యలంక తీరం దాటి సముద్రం మీదకి పోతుంది, చీరాల, ఒంగోలు రెండూ కుడి చేతి వైపు ఉండిపోతాయి, కావలి దగ్గర మళ్లీ నేల మీదకి వచ్చి నెల్లూరు పక్కనుంచి రేణిగుంట చేరుతుంది. తీరం లోపలికి వంపు తిరిగి ఉంది కాబట్టి రోడ్డూ రైలూ ఆ వంపు పట్టుకుని వెళ్లాలి, గీతకి ఆ బాధ లేదు. 349కీ నాలుగొందలకీ తేడా చాలావరకు ఆ వంపులోనే ఉంది.


మిర్చియార్డు_మనిషి

టీచర్ గారూ, మీరు చెప్పినట్టే చేశాడు, వచ్చింది, మొహం కాస్త దిగింది. తెనాలి నెత్తిమీద నుంచి అన్నారు చూశారూ, మా అమ్మ పుట్టిల్లు తెనాలే. ఇది చదివి వినిపించగానే ఇంక రైలూ వద్దు కారూ వద్దు అని కూర్చుంది. ఇప్పుడు ఆ ముప్పావుగంట సంగతి ఎవరైనా చెప్పండి, బావ దాని మీదే నిలబడి ఉన్నాడు.


రన్‌వే_పక్కోడు

కొన్నేళ్లు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో పనిచేశా, ఏ ఊళ్లోనో వద్దులే. మీ బావగారి లెక్కలో తప్పు భాగహారంలో లేదు, 830లో ఉంది.

ఆ స్పీడు ఎయిర్‌బస్, బోయింగ్ జెట్లది, అదీ ముప్పై వేల అడుగుల పైకి చేరి తిన్నగా పోయేటప్పుడు. ఇలాంటి చిన్న దూరాలకి మామూలుగా వేసేది ఏటీఆర్ 72, రెక్కలకి రెండు ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయే అది, డెబ్భై ఎనభై మంది పడతారు. దాని స్పీడు గంటకి 500, మహా అయితే 510. 349 కిలోమీటర్లకి 41 నిమిషాలు. ఇదైనా గన్నవరం రన్‌వే మీద నిలబడ్డ క్షణం నుంచే 510లో పరిగెత్తితే. అలా పరిగెత్తదు కదా. పైకి ఎక్కేటప్పుడు మూడొందల చిల్లర స్పీడులో ఎక్కుతుంది, పదహారు పద్దెనిమిది వేల అడుగులు ఎక్కడానికి పావుగంట పైనే పోతుంది, దిగేటప్పుడు మళ్లీ తగ్గించుకుంటూ రావాలి. ఇవన్నీ కలిపి గాల్లో యాభై నిమిషాలు అనుకోండి, గాలి ఎదురైతే ఇంకో నాలుగైదు.

దీనికి తోడు రెండు చోట్లా రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. మీరు వెళ్లాల్సింది దక్షిణానికి. అంటే ఇక్కడ లేచాక తిరగాలి, అక్కడ దిగే ముందు రన్‌వేకి ఎదురుగా వచ్చేలా మళ్లీ తిరగాలి, గాలి ఎటు వీస్తుందో దాన్ని బట్టి ఏ కొసన దిగాలో ఏటీసీ, అంటే విమానాలకి దారి చెప్పే కంట్రోల్ వాళ్లు, చెబుతుంది, ఒక్కోసారి దగ్గరి కొస, ఒక్కోసారి చుట్టు తిరిగి అవతలి కొస. టీచర్ గారు గీసిన గీత ఈ మలుపుల్ని లెక్కేయదు. బావగారు గిరికీలు అన్నది పూర్తిగా తప్పేం కాదు.

టికెట్ మీద వేసే టైమ్ గాల్లో ఉన్న టైమ్ కాదు. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. చక్రాలకి అడ్డం పెట్టిన చెక్కలు తీసినప్పుడు మొదలు, అక్కడ ఆగాక మళ్లీ చెక్కలు పెట్టేదాకా. రన్‌వే వరకు మెల్లగా నడిపించుకుంటూ వెళ్లడం, ముందు ఇంకో విమానం దిగుతుంటే దాని కోసం ఆగడం, దిగాక స్టాండ్‌కి రావడం, అన్నీ అందులోనే. దాని మీద కంపెనీ ఓ ఐదు పది నిమిషాలు జేబులో వేసుకుంటుంది, ఎందుకంటే వేసిన టైమ్ కంటే 15 నిమిషాల లోపు ఆలస్యమైతే లెక్కల్లో అది సమయానికి వచ్చిన విమానమే. అందుకే ఆలస్యంగా బయల్దేరి కూడా సరిగ్గా టైమ్‌కి దిగి, చప్పట్లు కొట్టించుకుంటూ ఉంటారు.

యాభై, దానికి రెండు పక్కలా నేల మీద పది పన్నెండు, కాస్త జేబు. గంటా పది అయింది. మోసం ఏమీ లేదు.


మిర్చియార్డు_మనిషి

బావ దగ్గర కూర్చోపెట్టి చదివించా. ఇప్పుడు కొత్త ప్రశ్న. ఫ్యాన్ల విమానం ఎందుకు వేస్తారు, జెట్ వేస్తే నిజంగా 25 నిమిషాల్లో పోవచ్చుగా, డబ్బులు మిగుల్చుకోవడానికే కదా అంటున్నాడు. క్షమించండి, నేను అడగట్లేదు, ఆయన అడుగుతున్నాడు.


రన్‌వే_పక్కోడు

డబ్బులు మిగుల్చుకోవడానికే, అందులో దాపరికం ఏముంది. ఏటీఆర్‌కి ఆయిల్ తక్కువ తాగుడు, సీట్లు నిండటం తేలిక. కానీ జెట్ వేసినా 25 నిమిషాలు రాదు.

జెట్ ముప్పై వేల అడుగులు ఎక్కాలంటే ఇంచుమించు ఇరవై నిమిషాలు, ఈలోపు నూట ఎనభై, రెండొందల కిలోమీటర్లు పోతుంది. దిగడానికి పైలట్లు వేసుకునే మోటు లెక్క ఒకటుంది, వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలి. ముప్పై వేలకి తొంభై మైళ్లు, అంటే 167 కిలోమీటర్లు. రెండూ కూడితే ఎంత? మీ 349 అక్కడే అయిపోయింది. ఎక్కడం పూర్తయ్యే చోటే దిగడం మొదలెట్టాలి, ఆ 830 అనే స్పీడు వాడుకోవడానికి చోటే మిగలదు. పైగా పదివేల అడుగుల కింద 250 నాట్లు దాటకూడదని రూలు, అంటే గంటకి 463 కిలోమీటర్లు. అంతా కలిపి ఏటీఆర్ కంటే పది పదిహేను నిమిషాలు కలిసొస్తే గొప్ప. మన ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మధ్య కొత్త బుల్లెట్ తోలినట్టు ఉంటుంది.

గన్నవరం నుంచి హైదరాబాద్ చూడండి, గీత మీద 264 కిలోమీటర్లే, పెద్ద విమానం వేసినా టికెట్ మీద దాదాపు గంట ఉంటుంది. విశాఖ 290. రెండూ తిరుపతి కంటే దగ్గర, టైమ్ మాత్రం పెద్దగా తగ్గదు. మూడొందలైనా మూడొందల యాభై అయినా తేడా ఆరేడు నిమిషాలే, మిగతాదంతా ఎక్కడం, దిగడం, నేల మీద దొర్లడం.


బెంజిసర్కిల్_బాధితుడు

బావగారు మనకి ఉద్యోగం పెట్టించేలా ఉన్నారు.

సరే, నేలకి వస్తే. గుంటూరు నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు యాభై ఐదు కిలోమీటర్లు ఉంటుంది. కాజ టోల్, మంగళగిరి దాకా హాయి. వారధి ఎక్కాక మీ అదృష్టం. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద నుంచి దాటేస్తారు, బానే ఉంటుంది, ఆ తర్వాత రామవరప్పాడు రింగు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది వరకు కాలేజీ బస్సులన్నీ అక్కడే ఉంటాయి. గంటన్నర పెట్టుకోండి. గంటా పావులో వచ్చేశాం అనేవాళ్లు తెల్లారుజామున వచ్చినవాళ్లు.

బాధ ఏంటంటే, మీరు గుంటూరు నుంచి ఈశాన్యంగా యాభై ఐదు కిలోమీటర్లు వెనక్కి వచ్చి, విమానం ఎక్కి, ఏడెనిమిది నిమిషాల్లో మళ్లీ తెనాలి మీదకే వస్తారు. గంటన్నర కష్టం ఏడు నిమిషాల్లో రద్దు.


తెనాలి_ప్యాసింజర్

ఇదే చెప్దామని వచ్చా. హనుమాన్ జంక్షన్, ఏలూరు వాళ్లయితే విమానం ఎక్కండి, తప్పులేదు. గుంటూరులో ఉండి గన్నవరం పోవడం ఏంటండీ. సికింద్రాబాద్ తిరుపతి వందేభారత్ 2023 ఏప్రిల్ నుంచి నడుస్తోంది, అది విజయవాడ ముఖం కూడా చూడదు, నల్గొండ మీదుగా నేరుగా గుంటూరు వస్తుంది, అక్కడినుంచి ఒంగోలు, నెల్లూరు, తిరుపతి. గుంటూరులో ఎక్కితే ఐదు గంటల లోపే. విజయవాడ వాళ్ల కంటే మనకి ముందు వచ్చిన సుఖం అదొక్కటే, వాడుకోకపోతే ఎలా.

విమానం లెక్క వేయండి. ఎయిర్‌పోర్టుకి గంటన్నర. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు, పెద్దావిడతో వెళ్తున్నారు కాబట్టి గంటన్నర ముందే ఉండాలి. విమానం గంటా పది. రేణిగుంటలో బయటపడటానికి పావుగంట, ఇరవై నిమిషాలు. రేణిగుంట నుంచి తిరుపతి ఊళ్లోకి ఇంకో అరగంట. దాదాపు ఐదు గంటలు అయింది. రైలు దిగితే తిరుపతి స్టేషనే, రేణిగుంట గొడవే లేదు.

రాత్రి ప్రయాణం పర్లేదంటే నారాయణాద్రి ఉంది, అమ్మగారికి కింద బెర్త్ చూసుకుంటే పడుకుని వెళ్లొచ్చు, తెల్లారేసరికి తిరుపతి. మోకాళ్ల నొప్పులవాళ్లకి పడుకోవడం కన్నా మంచిది ఏముంది.


పటమట_లెక్కలటీచర్

విజయవాడ వాళ్లకీ వందేభారత్ ఉందండోయ్, చెన్నై వెళ్లేది, రేణిగుంటలో ఆగుతుంది. మరీ అంత ఏడవక్కర్లేదు.


ఏలూర్రోడ్డు_ఎల్లకాలం

ఒక్క మాట. బుక్ చేసేటప్పుడు కోడ్ చూసుకోండి. తిరుపతికి టీఐఆర్. తిరుచ్చికి టీఆర్‌జెడ్, తిరువనంతపురానికి టీఆర్‌వీ. పెట్టెలో తిరు అని కొట్టగానే మూడూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. నేను ఆఫీసు హడావుడిలో రెండోది నొక్కి, డబ్బులు కట్టేసి, ప్రయాణం నాలుగు గంటల చిల్లర చూపిస్తుంటే తిరుపతికి ఇంతసేపా అని తిట్టుకుని, రాత్రి మా ఆవిడ చూసి చెప్పేదాకా తెలుసుకోలేదు. క్యాన్సిల్ చేస్తే వెనక్కి వచ్చింది టీ ఖర్చులకి సరిపోయింది. మన గన్నవరానికి కోడ్ వీజీఏ, కంప్యూటర్ కేబుల్ పేరు గుర్తుంటే చాలు.

హైదరాబాద్ మీదుగా టికెట్ చూపిస్తే కూడా ఒకసారి ఆలోచించుకోండి. గన్నవరం నుంచి శంషాబాద్ 264, అక్కడినుంచి రేణిగుంట 418, కలిపి 680 చిల్లర. నేరుగా 349 ఉన్నదానికి దాదాపు రెట్టింపు. మధ్యలో శంషాబాద్‌లో కూర్చోవడం వేరే. చవగ్గా ఉంటే కుర్రాళ్లు వెళ్లొచ్చు, పెద్దవాళ్లతో వద్దు. నేరుగా వెళ్లేవి సీజన్‌ని బట్టి మారుతుంటాయి, మీరు వెళ్లే తేదీకి ఉందో లేదో చూసుకునే దర్శనం టికెట్ తీసుకోండి. ముందు దర్శనం తీసుకుని తర్వాత విమానం వెతక్కండి.


రన్‌వే_పక్కోడు

అమ్మగారి సంగతి చెప్తా, అది ముఖ్యం. వీల్‌చైర్ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే పెట్టండి, లేదంటే కనీసం 48 గంటల ముందు ఫోన్ చేసి చెప్పండి. గేటు దగ్గర నుంచి విమానం దాకా వాళ్లే తోసుకెళ్తారు, క్యూలు ఉండవు, తోడు ఒకరు పక్కనే నడవొచ్చు. ఏటీఆర్‌కి ఎక్కే తలుపు వెనక ఉంటుంది, సామాను తలుపు ముందు. నేల నుంచి ఎత్తు తక్కువ, మెట్లు నాలుగైదే. పెద్ద విమానానికి నిచ్చెన వేస్తే ఉండే ఇరవై మెట్ల బాధ ఇక్కడ ఉండదు. వెనక వరసల్లో సీటు తీసుకోండి, ఎక్కగానే కూర్చోవచ్చు, ఫ్యాన్ల చప్పుడు కూడా తక్కువ.

కిటికీ కావాలంటే కుడివైపు. దీనికి రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కింద నేల అంతా కనిపిస్తుంది, రెక్క అడ్డం రాదు. తెనాలి, తీరం, చివర్లో శేషాచలం కొండలు, మూడూ కుడిపక్కే. కానీ ముందే చెప్తున్నా, టీచర్ గారి గీత మీదే పోతుందని గ్యారంటీ లేదు, దారి ఏటీసీ ఇస్తుంది.

నెల కూడా చూసుకోండి. అక్టోబరు, నవంబరు నెల్లూరు తిరుపతి వైపు వానలు, ఏటీఆర్ మేఘాల పైకి ఎక్కలేదు, పక్కనుంచి తప్పించుకుని పోవాలి, కుదుపులు ఉంటాయి. డిసెంబరు, జనవరి పొద్దున ఫ్లైట్లు గన్నవరంలో పొగమంచుకి ఆగిపోతుంటాయి. ఫిబ్రవరి అయితే హాయి.

ఇంకోటి, ఎక్కి కూర్చున్నాక ఒక పక్క ఇంజన్ మోగుతూ ఆ పక్క ఫ్యాన్ మాత్రం తిరక్కపోతే కంగారుపడొద్దు. ఏటీఆర్‌లో నేల మీద కరెంటుకి వేరే చిన్న ఇంజన్ ఉండదు, కుడి ఇంజన్ ఆన్ చేసి ఫ్యాన్‌కి బ్రేకు వేసి నడుపుతారు. నేను పనిచేసినప్పుడు ఒకాయన సీట్లోంచి లేచి, ఇంజన్ చెడిపోయింది దింపేయండి అని గొడవ చేశాడు.


మిర్చియార్డు_మనిషి

అందరికీ థ్యాంక్స్. తెనాలి ప్యాసింజర్ గారి లెక్కకి నేను ఒప్పేసుకున్నా, అమ్మ ఒప్పుకోలేదు. వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు వందేభారత్ అని రాజీ పడ్డాం. బావ కూడా వస్తానంటున్నాడు, స్టాప్‌వాచ్‌తో.


రెండో_అంతస్తు_అంకుల్

ఇంతమంది ఇన్ని లెక్కలు వేసేలోపు నడిచి వెళ్లేవాళ్లు ఒంగోలు దాటేవాళ్లు.


మిర్చియార్డు_మనిషి

వెళ్లొచ్చాం, అందుకే మళ్లీ రాస్తున్నా, తర్వాత వెతికేవాళ్లకి పనికొస్తుంది.

ఇంటి నుంచి గన్నవరం గంటా నలభై. ఎనికేపాడు దగ్గరే పాతిక నిమిషాలు, బెంజి సర్కిల్ గారి మాట వినకుండా ఎనిమిదింటికి బయల్దేరినందుకు. ఎయిర్‌పోర్టులో గంటా ముప్పై ఐదు. ఇక బావ రాసిపెట్టిన లెక్క: విమానం కదిలిన దగ్గర్నుంచి నేల విడిచేదాకా 9 నిమిషాలు, గాల్లో 52, దిగాక ఆగడానికి 4. మొత్తం 65, టికెట్ మీద వేసినదానికి ఐదు నిమిషాలు తక్కువ. జేబు అన్నారే, అది ఇదేనేమో. రేణిగుంటలో బయటికి రావడానికి 25, తిరుపతి లాడ్జికి 35. అన్నీ కలిపితే ఐదు గంటల ఇరవై నిమిషాలు. వచ్చేటప్పుడు రైల్లో నాలుగున్నర. టైమ్ మాత్రమే చూసుకుంటే గుంటూరు వాళ్లకి రైలే, ఇందులో ఇంక వాదన లేదు.

కానీ అమ్మ మాట వేరు. విమానంలో ఎక్కడా గంటా పది కంటే ఎక్కువ కదలకుండా కూర్చోలేదు, మిగతాదంతా కారు, కుర్చీ, మళ్లీ కారు, మధ్యలో కాళ్లు చాపుకోవడం. కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయింది రైల్లోనే, నెల్లూరు దగ్గర నుంచి లేచి నిలబడి వచ్చింది. సీటు మంచిదే, కానీ మోకాళ్లకి సీటు మంచిదైతే సరిపోదు కదా. మాలాంటివాళ్లు పడుకునే రైలు చూసుకోవడమే మేలు, నారాయణాద్రి మాట అప్పుడే వినాల్సింది.

లేచిన ఎనిమిది నిమిషాలకి కింద కాలవలు కనిపించాయి, ఊరి మధ్యలోంచి. అమ్మ అద్దానికి ముక్కు ఆనించి, అదిగో మా ఊరు, మూడు కాలవలు చూడు అంది. బావ ఫోన్ తీసి, ఫ్లైట్ మోడ్‌లో మ్యాప్ రాక, అది తెనాలి కాదేమో అత్తయ్యా అనబోతే అక్క మోచేత్తో పొడిచింది. కాసేపటికి సముద్రం కూడా వచ్చింది. రేణిగుంటలో దిగే ముందు కొండలు నిజంగానే కుడిపక్క కనిపించాయి, అమ్మ అక్కడే దణ్ణం పెట్టేసుకుంది.


పటమట_లెక్కలటీచర్

ఎనిమిదో నిమిషం, కాలవలు. తెనాలే అయ్యుంటుందండీ. బావగారికి చెప్పండి, నేనన్నానని.


ఏలూర్రోడ్డు_ఎల్లకాలం

వీల్‌చైర్‌కి డబ్బులేమైనా తీసుకున్నారా? మా నాన్నగారికి చూస్తున్నా.


మిర్చియార్డు_మనిషి

రూపాయి తీసుకోలేదు. టికెట్‌తో పాటే పెట్టాం, గన్నవరంలో కౌంటర్ దగ్గరే కుర్చీ రెడీగా ఉంది. రేణిగుంటలో మాత్రం పది నిమిషాలు ఆగాల్సొచ్చింది, ఆ ఫ్లైట్‌లో కుర్చీలు అడిగినవాళ్లు ఆరుగురున్నారు. నాన్నగారిని కంగారుపడి ముందే లేవొద్దనండి, అందరూ దిగాక చివర్లో వచ్చి తీసుకెళ్తారు.